దీపాలరేవు వారి మైల

కొత్తపేట,
4 మార్చి 1996.

మేనత్త సుబ్బాయమ్మ గారికి,

బాపిరాజు నమస్కారాలు. పెదనాన్నగారి పెద్దదినం అయ్యి మీరు రాజోలు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ ఒక సంగతి నా బుర్ర తొలిచేస్తోంది. మీకు కాక ఇంకెవరికీ రాయలేను.

ఆ రోజు రేవులో మన దాయాదులందరం వరసగా కూర్చుని గుండ్లు చేయించుకుంటున్నాం. వరస చివర ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. మీరు ఇంటిదగ్గర ఆడవాళ్ళలో ఉన్నారు, చూసి ఉండరు. పొడుగ్గా, నల్లగా, అరవై ఏళ్ళు ఉంటాయి. మంగలి మనవాడే అనుకుని అతనికీ గుండు గీసేశాడు. మాతోపాటే ఏట్లో మునిగాడు, మాతోపాటే నువ్వులూ నీళ్ళూ వదిలాడు. భోజనాల దగ్గర విస్తరి వేస్తే మాత్రం దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వీధి చివర పట్టుకుని ఎవరు నువ్వని అడిగాను. "బంగారరాజునండి. అంతర్వేది పల్లిపాలెం. దీపాలరేవు వారమండి" అన్నాడు.

మన కులం కాదు, సముద్రంలో వేట చేసుకునే మనిషి. మన ఇంటిపేరు అతనికెలా వచ్చింది?

వచ్చే కార్తీకంలో లంకతోటలో దీపాలరేవు వారందరికీ వనభోజనాలు పెడుతున్నానని మీకు చెప్పానుగా. ఆ రోజున వంశవృక్షం అచ్చువేసి పంచుతాను. లెక్క తేల్చేశాను. కొత్తపేటలో మన పద్నాలుగు గడపలు, ఆత్రేయపురంలో ఐదు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే నాగభూషణం చిన్నాన్న, ఆయన కొడుకులవి మూడు, కాకినాడలో ఒకటి. వెరసి ఇరవై మూడు. జమీందారు గారు మన రేవులో దిగినప్పుడు వెయ్యి దీపాలు వెలిగించినందుకు మన ముత్తాతగారికి వచ్చిన పేరది. ఆ పేరు సముద్రపొడ్డుకి ఎలా పోయింది?

లంకతోట పట్టా ఇంకా ముత్తాతగారి పేరునే ఉందన్న సంగతి మీకు తెలుసు. దినానికి వచ్చి గుండు చేయించుకున్నవాడు రేపు కోర్టుకెక్కి "నేనూ దాయాదినే, నలుగురూ చూశారు" అంటే మన గతేం కాను?

అంతకంటే పెద్ద అనుమానం ఇంకోటుంది. పెదనాన్న పోయిన కబురు అతనికి ఎవరు పంపారు? మనలోనే ఎవరో ఉన్నారు. మీది అటువైపు ఊరు కాబట్టి కాస్త వాకబు చేసి రాయండి.

మీ మేనల్లుడు,
బాపిరాజు


రాజోలు,
15 మార్చి 1996.

చిరంజీవి బాపిరాజుకి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదురా. గుండు చేయించుకుంటే తోటలొచ్చేస్తాయా? అలాగైతే తిరుపతి వెళ్ళొచ్చిన వాళ్ళందరికీ కొండలో తలో వాటా రావాలి.

వాకబు చెయ్యమన్నావు. ఇక్కణ్ణించి అంతర్వేది ఏమన్నా పక్కవీధా? మోకాళ్ళు పట్టేసి పెరట్లోకే వెళ్ళలేకపోతున్నాను. ఎవరో మంచివాడై ఉంటాడు, పోనిద్దూ. అన్నయ్యకి ఒక దోసెడు నీళ్ళు ఎక్కువ ముడితే నీకొచ్చిన నష్టమేమిటి?

పార్వతి పంపిన పూతరేకులు అందేయి. నేతికి చెయ్యి వెనకాడలేదు మీ ఆవిడ, సంతోషం. పిల్లా జెల్లా లేనిదాన్ని, మీ మావయ్యగారు పోయేక నాకు మిగిలింది ఆ పుట్టింటి గడపొక్కటే. మీరు తలుచుకుంటే అదే పదివేలు.

అన్నట్టు, నీ వంశవృక్షంలో నన్ను ఏ కొమ్మ మీద కూర్చోబెట్టేవు?

సుబ్బాయమ్మ


కొత్తపేట,
2 జూన్ 1996.

అత్తయ్యగారికి,

వంశవృక్షంలో ఆడపిల్లలు ఉండరండి. పెళ్ళయ్యాక మీ ఇంటిపేరు వేరు కదా. మీరే కాదు, రేపు మా దుర్గ పేరు కూడా ఉండదు. అది పద్ధతి.

అసలు సంగతికొస్తాను. అంబాజీపేటలో చిన్నాన్నగారి దగ్గర లారీలకి కాయ ఎత్తించే అంజిబాబుని స్వామి దర్శనం వంకన అంతర్వేది పంపించాను. మీరు మాట దాటేసిన తీరు చూసే ఆ పని చేశాను.

పల్లిపాలెంలో దీపాలరేవు వారు పదకొండు గడపలు ఉన్నారట! నా ఇరవై మూడులో దగ్గర దగ్గర సగం. ఫిబ్రవరిలో మన ఇంట్లో మైల ఉన్నన్నాళ్ళూ వాళ్ళు పడవలు ఒడ్డెక్కించేసి, వల తడపకుండా కూర్చున్నారట. బంగారరాజు భార్య పెద్దింట్లమ్మని ఇదేం చోద్యమమ్మా అని అంజిబాబు అడిగాడు. "కొత్తపేటోళ్ళలో ఎవరు పోయినా మాకు మైలేనండి. మైల్లో సముద్రం మీదకి ఎలా ఎల్తామండి, తల్లికి కోపం రాదేటండి?" అందట. మరి కబురెవరు చెబుతారంటే ఏమందో రాయనా? "రాజోల్లో మా ఆడపడుచు సుబ్బాయమ్మగారు ఉన్నారు గదండీ. ఆరే పంపుతారు. ఆయ్."

అంజిబాబు నోరు తెరిచాడు. వాడొచ్చి చెప్పాక నేను తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు.

అత్తయ్యగారూ, పడవ సముద్రంలోకి దిగితేనే పొయ్యి వెలిగే వాళ్ళు, ముక్కూ మొహం తెలియని మనకోసం ఊరికే పస్తులుంటారా? నమ్మమంటారా నన్ను? దీని వెనకాల ఎవరో ప్లీడరు బుర్ర ఉంది. మైల పట్టామని సాక్ష్యం కూడబెట్టుకుంటున్నారు. రేపు కోర్టులో వాళ్ళ తరఫున నిలబడేది మీరేనా? అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. తోటలో మీకేమన్నా ఇస్తామన్నారా?

బాపిరాజు


రాజోలు,
11 జూన్ 1996.

బాపిరాజూ,

నీ వంశవృక్షంలో నాకు చోటు లేదు గానీ నేరం మోపడానికి మాత్రం నా పేరు దొరికిందన్నమాట. బాగుందిరా.

కబురు పంపేది నేనే. దాస్తే దాచేను గానీ అడిగేక అబద్ధం చెప్పను. కూర్చుని విను.

మీ ముత్తాత రామన్నగారికి వెంకన్న అని తమ్ముడు ఉండేవాడు. చీకటిపడ్డాక వచ్చే పడవలకి ఒడ్డు తెలియాలని రేవులో దీపాలు పెట్టే పని ఆ అన్నదమ్ములిద్దరిదీ. నూనె ఊళ్ళో రైతులు పోసేవారు. ఇంటిపేరు అలా వచ్చింది. జమీందారూ లేడు, వెయ్యి దీపాలూ లేవు. అది తర్వాత భూములొచ్చేక మీ మగాళ్ళు అల్లుకున్నది.

అంతర్వేది నుంచి తండ్రి పడవలో ఆ రేవుకి వచ్చే పిల్లని వెంకన్న పెళ్ళాడేడు. కులంకాని పిల్ల. మనవాళ్ళేం చేసేరో తెలుసా? బతికున్నవాడికి కుండ పగలగొట్టి, పెద్దదినం చేసి, ఊరికి భోజనాలు పెట్టేరు. ఆయన ఏట్లో పడవ మీద నిలబడి తన దినం తనే చూసుకున్నాడట. "మీకు నేను చచ్చేను గానీ నాకు మీరు చావలేదు. మీలో ఎవరు పోయినా నాకు మైలే. కానీ నా దినం భోజనాలు పెట్టిన ఇంట్లో మెతుకు ముట్టను" అని కేకేసి చెప్పి వెళ్ళిపోయేడు. బంగారరాజు విస్తరి ముందు ఎందుకు కూర్చోలేదో ఇప్పుడు తెలిసిందా? ఆయన మనవడే వీడు. నాకు తమ్ముడి వరస, నీకు బాబాయి.

వెంకన్న పోయినప్పుడు మనవాళ్ళు ఒక్కరూ తలమీద చెంబుడు నీళ్ళు పోసుకోలేదు. వాళ్ళు మాత్రం ఇప్పటిదాకా తప్పలేదు. కబురు అందించేది ఎప్పుడూ మన ఇంటి ఆడపిల్లే. మా మేనత్త నాకు అప్పజెప్పింది, ఆవిడకి వాళ్ళ మేనత్త. మగాళ్ళకి ఎందుకు చెప్పలేదంటావా? చెబితే ముందు తోట సంగతే అడుగుతారని.

తోటలో నాకేమిస్తామన్నారని అడిగేవు. ఆ పెద్దింట్లమ్మ నన్ను ఆడపడుచు అంటుంది. నువ్వు వేరే ఇంటిపేరు అంటావు. నాకు ఎవరేమిచ్చేరో నువ్వే చూసుకో.

అత్తయ్య


కొత్తపేట,
20 జూన్ 1996.

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివాను. కథ బాగుంది. కాగితం మీద దానికి ఆధారం ఒక్కటీ లేదు. నూనె దీపాలు వెలిగించుకునే వాళ్ళమని వంశవృక్షంలో రాయమంటారా? నలుగురూ నవ్వరూ?

వాళ్ళు మంచివాళ్ళే అనుకుందాం. వాళ్ళ పిల్లలు మంచివాళ్ళని మీరు పూచీ పడతారా? ఈ తోట మా నాన్న రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టింది. దాన్ని చూసే మా అబ్బాయి నాగసతీష్ చదువు మాని వ్యవసాయంలోకి దిగాడు. వాడి నోటి దగ్గర కూడు నేను ఇంకొకడికి పెట్టలేను.

కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. ఇకమీదట మన ఇంట్లో చావు కబురు అంతర్వేది చేరిందని తెలిసిందో, మీకు ఈ గడప లేదు. నేను పోయినా సరే, మీరు కబురు పంపకూడదు. మా నాన్న మీద ఒట్టువేసి రాయండి.

బాపిరాజు


రాజోలు,
1 జూలై 1996.

బాపిరాజుకి,

ఒట్టు. మీ నాన్న మీదే వేసేను. చనిపోయినవాడి మీద ఒట్టు పెట్టించుకున్నావు, నాకు తప్పే దారి లేదు.

ఈ వయసులో పుట్టిల్లు పోగొట్టుకునే ధైర్యం నాకు లేదురా. అందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

సుబ్బాయమ్మ


కొత్తపేట,
29 అక్టోబర్ 1996.

అత్తయ్యగారికి,

అశుభం. అంబాజీపేటలో నాగభూషణం చిన్నాన్న ఈ ఉదయం గుండెపోటుతో పోయారు. మీ తమ్ముణ్ణి ఆఖరి చూపు చూసుకుందురుగాని, ఈ కార్డు తెచ్చిన మనిషితోనే బయల్దేరి రండి.

ఒట్టు గుర్తుందిగా.

చదివి చింపెయ్యండి.

బాపిరాజు


కొత్తపేట,
13 నవంబర్ 1996.

అత్తయ్యగారికి,

తుఫాను రోజు నుంచీ కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో. చిన్నాన్న పెద్దదినానికి కూడా మీరు రాలేకపోయారు. ఆ గాలికి మీ పెంకుటిల్లు నిలిచిందో లేదోనని పార్వతి ఒకటే బెంగపెట్టుకుంది. రెండు ముక్కలు రాయండి.

లంకతోట పడిపోయింది. చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయి. నాగసతీష్ గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వనభోజనాలు మాత్రం ఆపను. 24వ తారీఖు ఆదివారం, అనుకున్న రోజే. నీడ లేకపోతే టెంటు వేయిస్తాను. వంశవృక్షం అచ్చయి వచ్చేసింది, శుభలేఖల్లాగా పిలుపులు కూడా పంపేశాను. ఒక్కటే భయం. తుఫాను సాయానికి పేర్లు రాసుకుంటున్నారుగా, ఇదే అదనని పల్లిపాలెం వాళ్ళు దీపాలరేవు పేరు చెప్పుకుని వస్తారేమోనని. వాళ్ళు మీ దగ్గరికేమన్నా వచ్చారా?

బాపిరాజు


రాజోలు,
18 నవంబర్ 1996.

బాపిరాజూ,

ఈ ఉత్తరం గుమ్మం బయటే నిలబడి చదువు.

వాళ్ళు నా దగ్గరికి రాలేదు. వాళ్ళ కబురు విని ఈ మోకాళ్ళతో నేనే వెళ్ళేను. బంగారరాజు కొడుకు సత్యదుర్గారావు తుఫానుకి రెండు రోజుల ముందు సోమవారం పడవ దింపేడు. దానం అని తోడెళ్ళిన కుర్రాడు ఒక చెక్క పట్టుకుని ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చేడు. వీడు రాలేదు. వారం రోజులు ఆ తల్లి ఒడ్డు మీదే కూర్చుంది. మొన్న పద్నాలుగున పడవ ముక్కలు కొట్టుకొచ్చేయి. ఇంక ఆశలేదని గడ్డితో బొమ్మ చేసి దహనం చేసేరు. ముప్ఫై ఏళ్ళు నిండలేదురా. పెద్దపిల్ల అమ్ములు ఏడేళ్ళది, నా ఒళ్ళో కూర్చుని మా నాన్న ఎప్పుడొస్తాడని అడిగింది.

బంగారరాజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అంత దుఃఖంలోనూ మొదట అడిగిన మాటేమిటో తెలుసా? "అక్కగారూ, తుఫానుకి మనోళ్ళంతా బాగున్నారా? అంబాజీపేటలో నాగబూషణంగారికి గుండెనొప్పన్నారు, ఎలాగుంది?"

నేను అబద్ధం ఆడలేకపోయేను. పోయేడని చెప్పేను. ఎప్పుడన్నాడు. చెప్పేను.

వాడు వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాడు. "అయితే మావోడు మైల్లో దింపేడన్నమాట పడవ. అదేనండి తల్లికి కోపం. తప్పు మాదేనండి. మేవే కనుక్కోవాల్సింది. కొత్తపేటోళ్ళకి చెప్పకండి అక్కగారూ. మైల తప్పేమని బాధపడతారు" అన్నాడు.

విన్నావా బాపిరాజూ? వాళ్ళకి కబురు తెలిసి ఉంటే ఆ సోమవారం పడవ ఒడ్డు మీదే ఉండేది. మైల తీరేదాకా కదిలేది కాదు. కబురు రాకుండా ఆపింది నువ్వు. ఆగిపోయింది నేను. తప్పు మాదేనని దణ్ణం పెడుతున్నవాడు వాడు. మన ఒట్టు సంగతి చెప్పే ధైర్యం లేక లేచి వచ్చేసేను. ఇంటికొచ్చి తల బాదుకుని ఏడిచేను.

అప్పుడు తట్టింది. మన చావు కబురు వాళ్ళకి పంపనని ఒట్టువేసేను గానీ, వాళ్ళ చావు కబురు నీకు పంపనని వెయ్యలేదుగా. ఈ ఇంటి ఆడపిల్లగా అది కూడా నా పనే. ఇన్ని తరాల్లో ఎవరూ చెయ్యనిది నేను చేస్తున్నాను.

దీపాలరేవు సత్యదుర్గారావు పోయేడు. నీకు తమ్ముడు. పెద్దదినం 24వ తారీఖు ఆదివారం, అంతర్వేది రేవులో.

చదివి చింపేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం.

అత్తయ్య


కొత్తపేట,
21 నవంబర్ 1996.

అత్తయ్యా,

వీధిలోనే నిలబడి చదివాను. పార్వతి గుమ్మంలోంచి "ఎవరండీ పోయింది?" అని అడిగింది. "తమ్ముడు" అన్నాను. తను ఏ తమ్ముడని అడగలేదు. బావి దగ్గరికి వెళ్ళి నాకు నీళ్ళు తోడింది.

నిన్నంతా కూర్చుని ఇరవై మూడు గడపలకీ కార్డులు రాశాను. ఆదివారం వనభోజనాలు లేవు, అంతర్వేదిలో మన తమ్ముడి పెద్దదినం, మైల పట్టండి అని. ఎవరు వస్తారో, ఎవరు మొహాన ఉమ్మేస్తారో తెలియదు. ఆత్రేయపురం వాళ్ళు నన్ను వెలివేసినా వేస్తారు. నేనూ నాగసతీష్ వస్తాం. గుండు చేయించుకుని, వరస చివర కూర్చుంటాం.

తప్పు ఎవరిదో బాబాయికి మీరు చెప్పకండి. అది నేను చెప్పాలి. ఆయన కొట్టినా పడతాను.

ఒట్టు తీసేశాను. నాన్న నన్ను క్షమిస్తే క్షమిస్తాడు, లేకపోతే లేదు.

మీ బాపిరాజు


కొత్తపేట,
9 ఫిబ్రవరి 2005.

బంగారరాజు బాబాయిగారికి,

అశుభం. సుబ్బాయమ్మ అత్తయ్య ఈ రోజు తెల్లారగట్ల పోయింది. మూడేళ్ళుగా నా దగ్గరే ఉంది. పిల్లల్లేరు కాబట్టి నేనే చేస్తున్నాను. పెద్దదినం 19వ తారీఖున, మా రేవులో.

ఆ రోజు అంతర్వేది రేవులో నేను నిజం చెప్పాక మీరు నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో నేను రాసిన ప్రతి చావు కబురుకీ వచ్చారు, వరసలో కూర్చున్నారు, నావైపు చూడకుండా వెళ్ళిపోయారు. అడిగే అర్హత నాకు లేదు. ఫోను చేస్తే నా గొంతు విని పెట్టేస్తారేమోనని ఈ కార్డు మనిషి చేత పంపుతున్నాను.

ఒక్క సంగతి. అత్తయ్య ఇంటిపేరు వేరు. పద్ధతి ప్రకారం మీకు మైల అంటదు. వేట బాగా పడుతున్న రోజులని విన్నాను. పడవలు ఆపవద్దు. కబురు తెలియాలి కాబట్టి తెలియజేస్తున్నాను, అంతే.

బాపిరాజు


అంతర్వేది పల్లిపాలెం,
10 ఫిబ్రవరి 2005.

పెదనాన్నగారికి,

నేను అమ్ములుని. సత్యదుర్గారావుగారి పెద్దమ్మాయిని. ఇంటర్ చదువుతున్నాను. తాతకి చదువు రాదు కదండీ, చెబుతుంటే నేను రాస్తున్నాను.

మీ కార్డు గుమ్మం బయటే చదివి వినిపించాను. తాత ఇసకలో కూర్చుండిపోయి అక్కా అక్కా అని చాలాసేపు ఏడ్చాడు. ఇంటిపేరు వేరు, పడవలు ఆపవద్దని మీరు రాసిన చోటు మళ్ళీ చదవమన్నాడు. చదివాను. తర్వాత చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు, రాస్తున్నాను.

"బాపిరాజూ, ఇంటిపేరు మారిపోతే ఆడపడుచు మారిపోద్దేటయ్యా? మన పదకొండు గడపల పడవలూ ఒడ్డునే ఉన్నాయి. మావోడు పోయిన బాధ పోలేదు, పోదు. నిన్ను చూస్తే అదే గుర్తొస్తాది, అందుకే మాటాడలేదు. దినానికి అందరం వస్తన్నాం. మీ ఆవిడతో చెప్పు. ఈసారి బోంచేసి ఎల్తాం."

ఇట్లు,
దీపాలరేవు అమ్ములు